సాబీ నది వెంబడి గంటకు ఇరవై కిలోమీటర్లు

బంగాళాదుంప వేపుడు మూకుడుకి అంటుకోబోయే ముందు ఒక వాసన వస్తుంది, కాస్త మాడుతూ, కాస్త తియ్యగా. అది తగిలితే చాలు, దక్షిణాఫ్రికా క్రూగర్ నేషనల్ పార్కులో సాబీ నది ఒడ్డు గుర్తొస్తుంది. అక్కడ నీటి పక్కన గుబురుగా పెరిగే పొద ఒకటుంది. పూత పట్టే సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో పొద్దు వాలేసరికి అచ్చం కాల్చిన బంగాళాదుంప వాసన వెదజల్లుతుంది. అక్కడివాళ్లు దాన్ని పొటాటో బుష్ అనే అంటారు. కొత్తవాళ్లు దగ్గర్లో ఎవరో వంట చేస్తున్నారనుకుని చుట్టూ చూస్తారు. అలవాటైనవాళ్లు మాత్రం గడియారం చూసుకుంటారు. ఆ నెలల్లో సాయంత్రం ఆరింటికి రాత్రి బస చేసే క్యాంపు గేటు పడుతుంది, ఆలస్యమైతే జరిమానా. సరిగ్గా ఆ వేళకే చిరుతలు చెట్లు దిగుతాయి. గేటా, చిరుతా అన్న ఆ సందిగ్ధం క్రూగర్‌కి వెళ్లిన ప్రతి కారులోనూ ఉండేది.

* * *

జొహానెస్‌బర్గ్‌లో ఉద్యోగాలు చేసే తెలుగు కుటుంబాలకు ఆ రోజుల్లో వరసగా మూడు సెలవులొస్తే క్రూగరే. రాత్రే పులిహోర కలిపి, ఫ్లాస్కుల్లో టీ పోసి, తెల్లవారుజామున మూడింటికల్లా ఎన్4 రహదారి ఎక్కేవాళ్లు. నాలుగు వందల కిలోమీటర్ల దారి. విట్‌బ్యాంక్ దగ్గర బొగ్గు వాసన, మచాడోడార్ప్ దాటాక పీఠభూమి మీంచి లోయలోకి దిగుడు, నెల్‌స్ప్రూట్ చేరేసరికి రోడ్డుకి రెండు వైపులా నారింజ తోటలు. అక్కడ కారు అద్దం దించితే గాలి వెచ్చబడినట్టు తెలిసేది. ఎడమ పక్కన నడిపే దేశమే కాబట్టి మనవాళ్లకి డ్రైవింగ్ ఇబ్బంది లేదు.

గేటు దగ్గర ఫారం నింపాలి: పేర్లు, కారు నంబరు, ఎన్ని రోజులు, ఎక్కడ బస. రుసుము మనిషికి రోజుకి ఇంత అని కట్టాలి. విదేశీయులకు అది స్థానికుల కంటే కొన్ని రెట్లు ఎక్కువ. అక్కడే నివాసముంటున్నవాళ్లు నివాస రుజువు కాగితం ఇంట్లో మరిచిపోతే విదేశీ రేటు కట్టాల్సిందే, బతిమాలినా లాభం లేదు. లోపలికిచ్చిన పర్మిట్టు కాగితం బయటికొచ్చేటప్పుడు చూపించాలి, కాబట్టి తినుబండారాల కవర్లతో పాటు చెత్తలో పడిపోకుండా డాష్‌బోర్డు అరలో పెట్టేయడం మంచిది. ఏడాదిలో నాలుగైదుసార్లు వెళ్లే కుటుంబమైతే వైల్డ్ కార్డ్ అనే వార్షిక సభ్యత్వం తీసుకునేది. గదులు 11 నెలల ముందే బుకింగుకి తెరుస్తారు. స్కూలు సెలవుల్లో సాబీ ఒడ్డు క్యాంపులు దొరకాలంటే అప్పుడే కూర్చోవాలి.

వెళ్లే నెల గురించి వాదనలు జరిగేవి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఎండు కాలం. ఆకు రాలిపోతుంది, గడ్డి కుంగిపోతుంది, నీళ్లు కొన్ని గుంటల్లోనే మిగులుతాయి, జంతువులు అక్కడికే రావాలి. తెల్లవారుజామున ఐదారు డిగ్రీల చలి ఉంటుంది, మంకీ క్యాపులు బయటికొచ్చేవి. నవంబర్ తర్వాత వానలు, పచ్చదనం, ఒకేసారి పుట్టే వందల ఇంపాలా జింక పిల్లలు, వలస పక్షులు. చూడ్డానికి అదే అందం. కానీ రోడ్డుకి పది గజాల దూరంలో సింహం పడుకున్నా గడ్డిలో కనపడదు, ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది, మలేరియా భయం ఎక్కువ. మాత్రలు డాక్టరు రాసిస్తారు. డాక్సీసైక్లిన్ అయితే తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు వాడాలి. ఇంటికొచ్చేశాం కదా అని మధ్యలో ఆపేసినవాళ్లే జ్వరం తెచ్చుకునేది.

* * *

తారు రోడ్డు మీద గంటకు 50, మట్టి రోడ్డు మీద 40 కిలోమీటర్లు వేగ పరిమితి. పోలీసులు రాడార్ పట్టుకుని నిజంగానే ఉంటారు. అయితే ఆ వేగంలో వెళ్తే రోడ్డు దాటే జింకలు తప్ప ఏమీ కనపడవు. చూడాలనుకునేవాడి వేగం ఇరవై, ఇరవై ఐదు. పార్కు ఉత్తరం నుంచి దక్షిణానికి దాదాపు 350 కిలోమీటర్ల పొడవు, విస్తీర్ణం ఇరవై వేల చదరపు కిలోమీటర్లకు కాస్త తక్కువ. మ్యాపు మీద వేలు పెట్టి కింది గేటు నుంచి పై గేటు దాకా ఒక్క రోజులో వెళ్లొచ్చనుకున్నవాళ్లకి రోజంతా తారే మిగిలేది. పిల్లలు వెనక సీట్లో నిద్రపోయేవారు, పెద్దలు గేటు టైము లెక్కపెట్టుకునేవారు. స్కుకూజా క్యాంపు నుంచి లోవర్ సాబీ క్యాంపు దాదాపు 45 కిలోమీటర్లు. ఆ ఒక్క ముక్కకి మూడు గంటలు కేటాయిస్తే అది పార్కు మొత్తంలోకీ దండిగా ఇచ్చే రోడ్డు. నది పక్కనే సాగుతుంది, పెద్ద పెద్ద చెట్లు, ప్రతి వంకకీ ఒక ఇసుక తిన్నె.

చూడ్డం కూడా నేర్చుకోవాల్సిన పనే. పొదని చూడకూడదు, పొదలోంచి అవతలికి చూడాలి. అడవిలో గీతలన్నీ నిలువుగా ఉంటాయి: కాండాలు, గడ్డి పోచలు, కొమ్మల నీడలు. వాటి మధ్య అడ్డంగా ఒక గీత కనిపిస్తే అది వీపు కావచ్చు. నది ఒడ్డు చెట్ల మీద నేలకి సమాంతరంగా ఉన్న లావు కొమ్మలన్నిటినీ ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోవాలి. చిరుత శరీరం కొమ్మలో కలిసిపోతుంది, వేలాడే తోకే పట్టిస్తుంది. చివర కాస్త మెలి తిరిగి, గాలికి ఊగే తీగలా కాకుండా ఆగి ఆగి కదులుతుంది. జిరాఫీలు రెండు మూడు మేత మానేసి ఒకే వైపు చూస్తూ నిలబడితే కారు ఆపి అటే చూడాలి, ఆ ఎత్తు నుంచి వాటికి కనిపించేది మనకు కనపడదు. రాబందులు పైన తిరుగుతుంటే వేడి గాలి మీద తేలుతుండవచ్చు, దానికి పరుగెత్తక్కర్లేదు. రెక్కలు ముడిచి ఒకదాని వెంట ఒకటి నిట్టనిలువునా దిగుతుంటే మాత్రం కింద కళేబరం ఉంది. ఎండు చెట్టు నిండా దిగులుగా కూర్చుని కింద వాలట్లేదంటే తినేవాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు.

ఏనుగు లద్దె మంచి కబురు చెబుతుంది. నున్నగా తడి మెరుస్తూ, చలి ఉదయాన ఆవిరి కక్కుతుంటే ఏనుగు వంద గజాల్లోపే ఉండొచ్చు, మలుపు నెమ్మదిగా తిరగాలి. బూడిద రంగుకి ఎండిపోయి పీచు విడిపోతే అది నిన్నటిదో మొన్నటిదో. తాజా లద్దె మీంచి కారు పోనివ్వకూడదు. వానలు పడ్డాక దాని నిండా పేడపురుగులుంటాయి, ఒక్కొక్కటి తన కంటే పెద్ద ఉండ చేసుకుని వెనక కాళ్లతో తోసుకుంటూ రోడ్డు దాటుతుంటుంది.

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇంజిన్ ఆపేయడం. ఏసీ వేసుకుని, అద్దాలు బిగించుకుని తిరిగేవాళ్లు సగం అడవిని పోగొట్టుకుంటారు. ఆపి, అద్దం దించి, రెండు నిమిషాలు మాట్లాడకుండా కూర్చుంటే చెవులు తెరుచుకుంటాయి. ఇంపాలా ముక్కుతో గట్టిగా చీదినట్టు ఒక శబ్దం చేస్తుంది, ఒకటి మొదలెడితే మంద మొత్తం అందుకుంటుంది. బబూన్ల మొరుగుడు వేరు, కోతుల కిచకిచ వేరు. ఈ మూడూ ఒకే దిక్కు నుంచి వస్తే అక్కడ పెద్దపిల్లి, అంటే సింహమో చిరుతో, ఉందన్నమాటే. పిల్లలున్న కార్లో ఆ రెండు నిమిషాలు దొరకడం కష్టం, కానీ ఒక్కసారి ఫలితం చూసిన పిల్లలు తర్వాత పెద్దవాళ్లనే కసిరి ఊరుకోబెట్టేవారు.

బైనాక్యులర్లు మనిషికొకటి ఉండాలి. చేతులు మారేలోపు జంతువు పొదలో దూరిపోతుంది. ఎనిమిది రెట్లు చూపించే 8×42 రకం సరిపోతుంది. పది రెట్లు చూపించేదైతే చేతి వణుకు కూడా పది రెట్లవుతుంది. కెమెరాకి కారులో స్టాండు పనికిరాదు. గుడ్డ సంచిలో కేజీ, కేజీన్నర కందిపప్పో బియ్యమో పోసి మూతి కుట్టేసి, దించిన అద్దం అంచు మీద పరిచి, దానిమీద లెన్సు ఆనిస్తే ఉదయపు మసక వెలుగులో కూడా బొమ్మ కదలదు. సంచి మూడొంతులే నింపాలి. నిండుగా బిగిస్తే లెన్సు జారిపోతుంది. రీళ్ల కాలంలో 36 బొమ్మలకే లెక్క. చిరుత చెట్టు దిగడానికి ముందు లేచి, ఒళ్లు విరుచుకుని, కిందికి ఒకసారి చూస్తుంది. అలవాటున్నవాళ్లు అది పడుకున్నంతసేపూ ఒక్కటే తీసి, మిగతా రీలు ఆ క్షణానికి దాచుకునేవాళ్లు.

* * *

ప్రతి క్యాంపులోనూ ఆఫీసు ముందో దుకాణం పక్కనో ఒక పెద్ద మ్యాపు బోర్డు ఉండేది. ఒక్కో జంతువుకి ఒక్కో రంగు బిళ్ల. ఈ రోజు చూసినవి, నిన్న చూసినవి. సాయంత్రం గేటు పడ్డాక అందరూ అక్కడ చేరేవారు. బిళ్ల పెట్టిన మనిషే పక్కన నిలబడి, ఏ మలుపు, రోడ్డుకి ఏ వైపు, పొట్ట నిండి ఉందా, ఎటు నడుస్తోంది అన్నీ చెప్పేవాడు. అది విని రేపటి దారి గీసుకోవడం ఒక విద్య. నిన్న చిరుత ఉన్న చెట్టు మీద ఇవాళ ఉంటుందని కాదు. కొమ్మ మీద సగం తిన్న ఇంపాలా ఉందా లేదా అన్నది అడగాలి. ఉంటే మర్నాడు ఉదయం కూడా తిరిగొస్తుంది.

దారిలో ఎదురొచ్చే కారు ఆగేది. డ్రైవర్ల అద్దాలు ఎదురెదురుగా, "ఏమైనా చూశారా?" అన్నదే పలకరింపు. ఆఫ్రికాన్స్ మాట్లాడే రైతు, సొవేటో నుంచి వచ్చిన స్కూలు మాస్టారు, డర్బన్ వైపు గుజరాతీ కుటుంబం, మన గుంటూరు కుర్రాళ్లు, అందరికీ అదే ప్రశ్న. "నాలుగు కిలోమీటర్లు, వంతెన దాటాక, ఎడమ వైపు, చింతపండు రంగు రాయి వెనకాల" అని ఆనవాళ్లు చెప్పుకునేవారు. ఆ ఆనవాళ్ల కోసం మనం కూడా రాళ్లనీ చెట్లనీ గుర్తుపట్టడం నేర్చుకున్నాం.

ఇప్పుడు ఫోన్లో చుక్క వెలుగుతుంది. సింహం కనబడిన పావుగంటలో నలభై కార్లు చేరతాయి. అడ్డదిడ్డంగా ఆగి ఎవరూ కదల్లేని పరిస్థితి. మధ్యలో ఇరుక్కున్న జంతువుకి తోవ ఉండదు. చుక్క వెంట పరుగెత్తేవాడికి దారి పొడవునా ఎండు కొమ్మల మీద కూర్చున్న పాలపిట్టలు కనిపించవు. అక్కడి పాలపిట్టకి మన పిట్టకున్న నీలమే, రొమ్ము మాత్రం లేత వంగపండు రంగు. దసరా సెలవుల్లో వచ్చిన తెలంగాణ కుటుంబాలు పండగ నాడు దాన్ని చూసి కారు ఆపి దండం పెట్టుకునేవాళ్లు. ఆ రోజుకి అంతకన్నా పెద్ద దర్శనం లేదన్నట్టు ఉండేది, నిజానికి లేదు కూడా.

* * *

ఏనుగుల దగ్గర మాత్రం ఏ అనుభవమూ ధీమా ఇవ్వకూడదు. రోడ్డు పక్కన గున్న ఒక్కటే కనిపిస్తే తల్లి రోడ్డుకి అవతలి పక్క ఉందనుకోవాలి. మధ్యలోకి కారు పోనిచ్చినవాళ్లే ఎక్కువగా దెబ్బతినేది. మందకి యాభై మీటర్లు, ఒంటరి మగ ఏనుగుకి వంద మీటర్లకు తగ్గకుండా ఆగాలి. ముందు కారుకి మరీ ఆనుకుని ఆపకూడదు, వెనక్కి వెళ్లే దారి ఎప్పుడూ చేతిలో ఉండాలి. హారన్ కొట్టడం, ఇంజిన్ గర్జింపజేయడం రెండూ ప్రమాదమే. ఏనుగు రోడ్డు మీదే నడిచి వస్తుంటే మనమే వెనక్కి వెళ్లాలి, అదీ తొందరగా మొదలెట్టాలి. చివరి నిమిషంలో గేరు మార్చబోతే గేర్ల బండి ఇంజిన్ ఆగిపోతుంది.

మదం పట్టిన ఏనుగుని దూరం నుంచే పోల్చుకోవాలి. కంటికీ చెవికీ మధ్య ఉన్న గ్రంథి నుంచి కారిన మదజలం చెంప మీద నల్లటి చారగా ఉంటుంది. అయితే ఆఫ్రికా ఏనుగుల్లో ఆడవాటికి కూడా అలజడిలో చెంపలు తడుస్తాయి, అందుకని ఆ ఒక్క గుర్తు చాలదు. వెనక కాళ్లు చూడాలి. మదంలో ఉన్న మగ ఏనుగుకి మూత్రం ఆగకుండా బొట్లు బొట్లుగా కారుతుంటుంది, తొడల లోపలి వైపు తడిసి నల్లబడి ఉంటుంది. తల ఎత్తి, దంతాలు ముందుకు పెట్టి నడుస్తుంది. గాలి మనవైపు ఉంటే ఘాటైన వాసన ముందే వస్తుంది. అలాంటిదాన్ని ఫొటో కోసం కూడా దగ్గరికి రానివ్వకూడదు.

చెవులు విప్పి, తల ఆడించి, దుమ్ము లేపి ఘీంకరిస్తే చాలావరకు అది హెచ్చరిక. చెవులు వెనక్కి అంటించి, తొండం లోపలికి చుట్టి, చప్పుడు చేయకుండా వస్తే నిజంగానే వస్తోంది. ఈ తేడాని నమ్ముకుని నిలబడమని ఎవరికీ చెప్పను. మేత మేస్తున్నట్టు నటిస్తూ, నోట్లో ఏమీ పెట్టుకోకుండా గడ్డి పీకి పక్కకు పడేస్తుంటే అప్పుడే మెల్లగా కదిలిపోవాలి.

* * *

రాత్రి క్యాంపులో గడ్డి కప్పు గుండ్రటి ఇళ్లు, బయట వరండాలోనే పొయ్యి, ఫ్రిజ్జు. ఫ్రిజ్జుకి గడియ గట్టిగా వేయాలి, లేకపోతే తెల్లారేసరికి కోతులు పెరుగు డబ్బాలు చెట్టెక్కిస్తాయి. సతారా క్యాంపు వైపు చెత్తడబ్బాల మీద హనీ బ్యాడ్జర్లనే మొండి చిన్న జంతువుల దాడి. మాంసం కాల్చే వాసనకి హైనాలు కంచె అవతల వరసగా నడుస్తుంటాయి. ఎముక విసరాలని ఎంత అనిపించినా విసరకూడదు. తిండికి అలవాటు పడిన హైనా తర్వాత మనిషికి భయపడదు, చివరికి దాన్ని చంపాల్సి వస్తుంది. పిక్నిక్ స్థలాల్లో గ్యాసు బండతో పాటు స్కాటెల్ అనే వెడల్పాటి పళ్లెం లాంటి పెనం అద్దెకిస్తారు. వాళ్లు దానిమీద గుడ్లూ సాసేజీలూ వేయించుకుంటుంటే మనవాళ్లు ఉప్మా తిప్పేవాళ్లు, పదిమందికి ఒక్క వాయిలో అయిపోయేది. అక్కడ కూడా ఒకరు వంట చూస్తే ఒకరు కోతులకి కాపలా.

లోవర్ సాబీలో రాత్రంతా నీటి గుర్రాల గుర్రు, మధ్యలో పకపకా నవ్వినట్టు. గాలి లేని రాత్రి సింహం గర్జన ఎనిమిది కిలోమీటర్ల దాకా వినిపిస్తుంది. అసలు గర్జన కంటే దాని తర్వాత వచ్చే చిన్న చిన్న రొప్పులు ఎన్ని అన్నదే పిల్లలు లెక్కపెట్టేవారు. తెల్లవారుజామున దూరంగా బూం, బూం అని బరువైన శబ్దం వచ్చినప్పుడు సింహమే అని దుప్పట్లు తన్నేసి లేచేవాళ్లు, అది నేల మీద నడిచే గ్రౌండ్ హార్న్‌బిల్ పక్షి. టర్కీ కోడంత ఉంటుంది, నల్లటి ఒళ్లు, ఎర్రటి గొంతు.

రాత్రి సఫారీకి పార్కు వాళ్ల బండిలోనే వెళ్లాలి. చలికాలమైతే దుప్పటి తప్పదు. సర్చిలైటు పట్టుకున్నవాళ్లు వెలుగుని నేరుగా చూడకుండా దాని అంచుల్లో కళ్ల మెరుపు వెతకాలి. చెట్టు మీద ఎర్రగా గెంతితే బుష్ బేబీ అనే చిన్న రాత్రి జంతువు, నేల మీద పచ్చగా గుంపుగా ఉంటే ఇంపాలాలు. జింకల కళ్లలోకి లైటు నిలపకూడదు, కాసేపు వాటికి చూపు పోతుంది, పక్కనే పెద్దపిల్లి ఉంటే మనమే చంపించినట్టు.

* * *

ఈ పార్కు చరిత్రలో మనకు సంబంధించిన ముక్క కూడా ఉంది. 1898లో సాబీ గేమ్ రిజర్వ్‌గా మొదలై 1926లో నేషనల్ పార్కయింది. 1927లో తొలిసారి సందర్శకులకు తెరిచిన ఏడాది మూడంటే మూడు కార్లు వచ్చాయి. కానీ ఆ తెరుచుకున్న గేటు అందరికీ ఒకేలా తెరుచుకోలేదు. 1860 తర్వాత చెరకు తోటల కూలీలుగా నటాల్ చేరిన తెలుగువాళ్ల మనవలూ, మునిమనవలూ డర్బన్, టొంగాట్ చుట్టుపక్కల స్థిరపడి ఉన్నారు. వర్ణవివక్ష కాలంలో తెల్లవాళ్లు కానివాళ్లకి పెద్ద క్యాంపుల్లో గదులు లేవు. నల్లజాతి సందర్శకులకు విడిచిన చోటు ఒలిఫాంట్స్ నది దగ్గరి బలూలే, కరెంటు లేని చిన్న గుడిసెలు. అవి ఇప్పటికీ అలాగే ఉన్నాయి, లాంతరు వెలుగులోనే బస. ఈ రోజు అది నిశ్శబ్దం కోరేవాళ్లకు ఇష్టమైన క్యాంపు. అక్కడ దిగేవాళ్లు ఆ గోడల వెనక సంగతి తెలుసుకుని దిగాలి. ఉత్తరాన మకులెకే ప్రజల్ని 1969లో ఊళ్లు ఖాళీ చేయించి పంపేసి, వాళ్ల భూమిని పార్కులో కలిపేశారు. ఆ భూమి 1998లో వాళ్లకు తిరిగి దక్కింది.

ఉత్తరానికి వెళ్తే లెటాబా క్యాంపులో ఏనుగుల మ్యూజియం చూడకుండా రావద్దు. షావూ అనే ఏనుగు దంతం అక్కడుంది, 317 సెంటీమీటర్లు. పక్కన నిలబడితే ఎంత పొడుగు మనిషికైనా తల ఎత్తక తప్పదు.

* * *

మారిపోయినవాటిలో ఎక్కువ బాధపెట్టేది ఖడ్గమృగం సంగతి. అప్పట్లో ప్రెటోరియస్‌కాప్, బెర్గెన్‌డాల్ క్యాంపుల వైపు ఉదయం పూట తిరిగితే తెల్ల ఖడ్గమృగం కనపడని రోజు ఉండేది కాదు. వెడల్పాటి చదును పెదవితో గడ్డిని కోసుకుంటూ, వీపు మీద పక్షులతో, కారుని పట్టించుకోకుండా మేసేవి. కర్ర్, కర్ర్ మని గడ్డి తెగే చప్పుడు కార్లోకి వినిపించేది. తెల్లదైతే పిల్ల ముందు, తల్లి వెనక. నల్లదైతే తల్లి ముందు, పిల్ల వెనక. నల్లదాని పై పెదవి కొక్కెంలా ఉంటుంది, అది కొమ్మలు తింటుంది, కోపం ఎక్కువ. బోర్డు మీద ఖడ్గమృగం బిళ్లలు మిగతావాటితో సమానంగా ఉండేవి.

2008 తర్వాత కొమ్ముల కోసం వేట విపరీతమైంది. 2011 ప్రాంతంలో పార్కులో పదివేలకు పైగా ఉన్న తెల్ల ఖడ్గమృగాలు 2020 నాటికి మూడు వేల లోపుకి పడిపోయాయి. బోర్డుల మీద ఆ బిళ్ల తీసేశారు. ఇప్పుడు కనిపించేవాటిలో చాలావాటికి కొమ్ము ఉండదు, వేటగాడికి పనికిరాకుండా అధికారులే మత్తిచ్చి కోసేస్తున్నారు. గోరు కత్తిరించినట్టే నొప్పి ఉండదు, మళ్లీ పెరుగుతుంది, మళ్లీ కోయాలి.

వెళ్లబోయేవాళ్లకి ఒక్క విన్నపం. ఖడ్గమృగం కనిపిస్తే తీరిగ్గా చూడండి, ఫొటో తీసుకోండి. ఫోన్ కెమెరాలో లొకేషన్ మాత్రం గేటు దగ్గరే ఆపేయండి, లేకపోతే తీసిన ప్రతి ఫొటోలోనూ ఆ చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా నమోదై ఉంటుంది. ఎదురొచ్చిన కారువాడు అడిగినా సింహం సంగతి చెప్పండి, చిరుత సంగతి చెప్పండి. ఖడ్గమృగం ఏ రోడ్డులో ఉందో చెప్పకండి. ఫొటో నలుగురికీ చూపించాలనుకుంటే నెలా రెండు నెలలు ఆగి, వెనక కొండో రోడ్డు నంబరు రాయో కనపడకుండా కత్తిరించి పెట్టండి.